ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టాలి? సాయుధ అతివాదాన్ని పోల్చి చదివే పద్ధతి

1971 ఆగస్టు 9 తెల్లవారుజామున ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటిష్ సైనికులు ఇళ్లపై దాడులు చేసి 342 మందిని పట్టుకెళ్లారు. విచారణ లేకుండా జైల్లో పెట్టే అధికారం వాడి, బ్రిటన్ నుంచి విడిపోయి ఐర్లండ్‌లో కలవాలని పోరాడుతున్న సాయుధ సంస్థ ఐఆర్ఏ నడుం విరగ్గొట్టాలన్నది ప్రభుత్వ ఆలోచన. చేతిలో ఉన్న జాబితాలు పాతవి. పట్టుబడ్డవాళ్లలో చాలామందికి సాయుధ దళాలతో సంబంధమే లేదు. బ్రిటన్‌తోనే ఉండాలంటూ కాథలిక్కులను చంపుతున్న ప్రొటెస్టంట్ లాయలిస్టు ముఠాల వాళ్లు మాత్రం ఆ రోజు ఒక్కరూ పట్టుబడలేదు. 1975 డిసెంబరులో ఈ విధానానికి స్వస్తి చెప్పేనాటికి 1,981 మంది అలా నిర్బంధంలోకి వెళ్లారు. వారిలో లాయలిస్టులు 107 మందే. ఈలోగా హింస తగ్గలేదు సరికదా, 1972 ఒక్క ఏడాదిలోనే దాదాపు 480 మంది చనిపోయారు. మూడు దశాబ్దాల ఆ సంఘర్షణలో అంతటి నెత్తుటి సంవత్సరం మరొకటి లేదు.

నిర్బంధాల సంఖ్యను, మరణాల సంఖ్యను పక్కపక్కన రాస్తే రెండూ కలిసి పెరిగాయని తెలుస్తుంది. ఎందుకు పెరిగాయో తెలియదు. అది తెలుసుకోవడానికే పరిశోధకులు ఆ దళాల్లో పనిచేసిన మనుషులను వెతుక్కుంటూ వెళ్లారు. సైనికులు తలుపు పగలగొట్టిన రాత్రి గురించి చెప్పినవాళ్లున్నారు. 1972 జనవరి 30న డెర్రీ నగరంలో ఊరేగింపుపై బ్రిటిష్ పారాట్రూపర్లు కాల్పులు జరిపి 13 మందిని అక్కడికక్కడే చంపిన రోజు గురించి చెప్పినవాళ్లున్నారు. ఈ మాటలు విలువైనవి. అలాగని విన్నది విన్నట్టు నమ్మితే పరిశోధకుడు దారి తప్పుతాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఒక సముదాయమంతా తన గతాన్ని ఒకే కథగా చెప్పుకోవడం అలవాటు చేసుకుంటుంది. 1970లోనే దళంలో చేరిన మనిషి కూడా 1971 దాడులే తనను మార్చాయని మనస్ఫూర్తిగా నమ్మి చెప్పవచ్చు. అందుకే చేరిన తేదీని, అప్పటి పత్రికలను, కోర్టు కాగితాలను చెప్పిన మాటతో సరిచూడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా అదే వీధిలో అవే దాడులు చూసి కూడా ఏ దళంలోనూ చేరని పక్కింటివాళ్లను కలవాలి.

ఈ చివరి పని చాలా అధ్యయనాల్లో జరగదు. అసలు గొడవంతా అక్కడే ఉంది. అతివాద సంస్థల గురించి, వాటిని అడ్డుకునే ప్రయత్నాల గురించి మనకు తెలిసిందనుకునే సంగతుల్లో సగం, ఎవరిని ఎవరితో పోల్చారన్న దాని మీదే నిలబడి ఉంటాయి. పోలిక తప్పయితే ఎన్ని ఇంటర్వ్యూలు చేసినా జవాబు తప్పే అవుతుంది. ఆ తప్పు జవాబు మీదే విధానాలు తయారవుతాయి. వాటి బరువు మోసేది మామూలు జనం.

హింసకు దిగినవాళ్లను మాత్రమే పోగేసి చూడటం ఈ రంగంలో అతి పాత పొరపాటు. 1970లలో పరిశోధకులు ‘ఉగ్రవాది మనస్తత్వం’ కోసం గట్టిగా వెతికారు. చెడిన బాల్యం, తండ్రి లేని ఇల్లు, మానసిక రుగ్మత అంటూ ఎన్నో కారణాలు ముందుకొచ్చాయి. మార్తా క్రెన్‌షా అనే రాజనీతి శాస్త్రవేత్త 1981లో ఈ వెతుకులాటకు సూటిగా జవాబిచ్చారు. ఈ మనుషులందరిలో కొట్టొచ్చినట్టు కనిపించే ఉమ్మడి లక్షణం వాళ్లు మామూలు మనుషులు కావడమేనన్నది ఆమె నిర్ధారణ. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2004లో, మార్క్ సేజ్‌మన్ 172 మంది అంతర్జాతీయ జిహాదీల జీవిత వివరాలు సేకరించి చూశారు. పేదరికం, చదువులేనితనం, పిచ్చి అనే వివరణలు వాళ్లకు సరిపోలేదు. స్నేహాలు, బంధుత్వాలే వాళ్లను లోపలికి తీసుకెళ్లాయని తేలింది. మంచి పని. కానీ దానిపై వచ్చిన విమర్శ కూడా అంతే బలమైనది. అవే స్నేహాలు, అదే వయసు, అదే ఆవేశం ఉండి కూడా ఎటూ వెళ్లనివాళ్లు ఆ జాబితాలో లేరు. వాళ్లు లేకుండా ‘స్నేహమే కారణం’ అనడం కుదరదు.

ఇటలీలో వామపక్ష అజ్ఞాత దళాల్లో చేరిన 1,214 మంది వివరాలను సామాజిక శాస్త్రవేత్త దొనతెల్లా దెల్లా పోర్తా పరిశీలించినప్పుడు, వారిలో 843 మందికి చేరకముందే ఆ దళంలో కనీసం ఒక స్నేహితుడో స్నేహితురాలో ఉన్నట్టు తెలిసింది. ఆమె ఈ లెక్క దగ్గర ఆగిపోలేదు. దళ సభ్యుల జీవిత కథలు తీసుకుని, స్నేహం ఎప్పుడు, ఎలాంటి పరిస్థితిలో రహస్య జీవితానికి మెట్టుగా మారిందో చూశారు. స్నేహితుడు అరెస్టయినప్పుడు, ఊరేగింపులో ఒకరు చనిపోయినప్పుడు, పోలీసుల నుంచి ఎవరినో దాచాల్సి వచ్చినప్పుడు మామూలు పరిచయం కాస్తా తెంచుకోలేని బాధ్యత అయింది. అంకె దారిని చూపిస్తే, దారిలో ఎక్కడ మలుపు ఉందో జీవిత కథ చూపించింది.

అమెరికాలో శ్వేతజాతి ద్వేష సంఘాల్లో ఉన్న 34 మంది మహిళలతో సామాజిక శాస్త్రవేత్త కాథ్లీన్ బ్లీ చేసిన ఇంటర్వ్యూలు ఇదే కోవలో అందరి అంచనానూ తలకిందులు చేశాయి. ద్వేషం ముదిరిన తర్వాత సంఘంలో చేరతారన్నది లోకం అనుకునే మాట. వాళ్లలో చాలామంది పరిచయాల ద్వారా, ఏదో ఒక ఆసరా వెతుక్కుంటూ ముందు చేరారు, ద్వేషాన్ని లోపలికి వెళ్లాక నేర్చుకున్నారు. ఈ క్రమం తెలియకపోతే నివారణ పని మొదటి అడుగులోనే పక్కకు పోతుంది. సిద్ధాంతాన్ని ఖండించే ప్రచారం, సిద్ధాంతం ఇంకా అంటని మనిషికి ఎందుకు పట్టదో అర్థం కాదు.

ఒక్కో దేశాన్ని విడిగా చూడటం కన్నా రెండు దగ్గరి దేశాలను కలిపి చూస్తే మరింత తెలుస్తుంది. ఇటలీ, పశ్చిమ జర్మనీ అందుకు మంచి జంట. రెండూ ఫాసిజం అనుభవించి, యుద్ధంలో ఓడి, ప్రజాస్వామ్యంలోకి వచ్చిన దేశాలు. రెండింటిలోనూ 1960ల చివర విద్యార్థి ఉద్యమం లేచింది. ఆ ఉద్యమపు అంచుల నుంచే ఇటలీలో రెడ్ బ్రిగేడ్స్, జర్మనీలో రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే వామపక్ష సాయుధ దళాలు పుట్టాయి. ఇంత పోలిక ఉన్నచోట తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇటలీలో రెడ్ బ్రిగేడ్స్ ఫ్యాక్టరీ కార్మికుల మధ్య కొంత కాలమైనా చోటు సంపాదించింది. జర్మన్ దళం మొదటి నుంచీ చిన్నది, సమాజం నుంచి తెగిపోయినది. తీరా ప్రభుత్వాల ప్రతిస్పందన దగ్గరికి వచ్చేసరికి దారులు ఇంకా విడిపోయాయి.

జర్మనీలో ఖైదీల పరిస్థితే రిక్రూట్‌మెంట్‌కు కేంద్రమైంది. ఒంటరి నిర్బంధానికి నిరసనగా సాగిన నిరాహార దీక్షలో హోల్గర్ మైన్స్ 1974 నవంబరులో చనిపోయాడు. ఖైదీల హక్కుల కోసం ఏర్పడ్డ కమిటీల్లో తిరిగిన యువకుల్లోంచే దళపు రెండో తరం వచ్చింది. మొదటి తరాన్ని మొత్తం జైల్లో పెట్టాక కూడా సంస్థ చావకపోవడానికి కారణం ఇది. చివరకు అది తన రద్దును ప్రకటించింది 1998లో.

ఇటలీలో కూడా 1978లో మాజీ ప్రధాని ఆల్డో మోరో హత్య తర్వాత అణచివేత తీవ్రంగానే సాగింది. అయితే దానితోపాటు బయటికి రావడానికి ఒక తలుపు కూడా తెరిచారు. సమాచారం ఇచ్చినవాళ్లకు శిక్ష తగ్గించే చట్టాలు 1980 నుంచి వచ్చాయి. వాటి ధర తక్కువేమీ కాదు. నోరు విప్పిన ఒక నాయకుడి తమ్ముణ్ణి రెడ్ బ్రిగేడ్స్ 1981లో అపహరించి చంపింది. సహచరులను పట్టివ్వడం చాలామంది ఖైదీలకు మింగుడుపడలేదు. వాళ్లకోసం 1987లో మరో చట్టం వచ్చింది. ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు, చేసిన పనులు ఒప్పుకుని హింసను వదులుకుంటే చాలు, శిక్ష తగ్గుతుంది. జైళ్లలో ఖైదీలు బృందాలుగా కూర్చుని తమ గతాన్ని చర్చించుకున్నారు. సంస్థను వదిలేయడానికీ స్నేహితుణ్ణి మోసం చేయడానికీ మధ్య గీత గీయడమే ఈ చట్టపు ప్రత్యేకత. స్నేహాల మీద నిలిచిన సంస్థను అది సరిగ్గా ఆ కీలు దగ్గరే పట్టుకుంది. దీని అసలు శక్తి తెలియాలంటే మాజీ సభ్యులు జైలు రోజుల గురించి చెప్పింది వినాలి. గణాంకాల పట్టికలో ‘శిక్ష తగ్గింపు: ఉంది’ అనే గడి మాత్రమే ఉంటుంది.

పట్టికలు అక్కర్లేదని దీని అర్థం కాదు. అమెరికా పరిశోధన సంస్థ రాండ్ 2008లో ప్రచురించిన అధ్యయనం 1968 నుంచి 2006 దాకా నడిచిన 648 ఉగ్రవాద సంస్థలను లెక్కలోకి తీసుకుంది. ముగిసిపోయిన సంస్థల్లో 43 శాతం రాజకీయ ప్రక్రియలో కలిశాయి. 40 శాతాన్ని పోలీసు, నిఘా వ్యవస్థలు అంతం చేశాయి. 10 శాతం తమ లక్ష్యం సాధించాయి. సైనిక బలంతో అంతమైనవి 7 శాతమే. సైన్యాన్నే మొదటి మందుగా భావించే ప్రభుత్వాలకు ఈ అంకెలు గట్టి హెచ్చరిక. కానీ ‘పోలీసులు అంతం చేశారు’ అన్న గడిలో ఏం జరిగి ఉంటుంది? అక్కడికి చేరాలంటే ఒక్కో కేసునూ విప్పి చూడాలి.

పెరూలో మావోయిస్టు గెరిల్లా సంస్థ షైనింగ్ పాత్ నాయకుడు అబిమాయేల్ గుజ్మాన్‌ను 1992 సెప్టెంబరు 12న లిమా నగరంలో పట్టుకున్నది ఒక చిన్న పోలీసు నిఘా విభాగం. ఏళ్ల తరబడి వాళ్లు చేసింది అనుమానితులను వెంటాడటం, కాగితాలు చదవడం, చెత్త వెతకడం. కింద డ్యాన్స్ స్టూడియో నడుస్తున్న ఒక ఇంటి చెత్తలో సోరియాసిస్ అనే చర్మవ్యాధి మందు ఆనవాళ్లు దొరికాయి. గుజ్మాన్‌కు ఆ జబ్బు ఉందని వాళ్లకు తెలుసు. అరెస్టు రక్తపాతం లేకుండా ముగిసింది. మరుసటి ఏడాది అతనే జైలు నుంచి శాంతి చర్చలు కోరాడు. దాంతో సంస్థ చీలి, త్వరగా కుంగిపోయింది.

దీన్ని చూసి ‘తలను తీసేస్తే ఒళ్లు పడిపోతుంది’ అని సూత్రం రాసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దీని పక్కన మరో రెండు కేసులు పెడితే ఆ సూత్రం నిలవదు. పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ వ్యవస్థాపకుడు షేక్ అహ్మద్ యాసీన్‌ను ఇజ్రాయెల్ 2004 మార్చిలో చంపింది. అతని తర్వాత వచ్చిన అబ్దుల్ అజీజ్ రంతిసీని నెల తిరగకముందే చంపింది. 2006 జనవరి ఎన్నికల్లో హమాస్ గెలిచింది. టర్కీ ప్రభుత్వంతో పోరాడిన కుర్దు సంస్థ పీకేకే నాయకుడు అబ్దుల్లా ఒజలాన్ 1999 ఫిబ్రవరిలో నైరోబీలో పట్టుబడ్డాడు. అతని పిలుపు మేరకు దళాలు వెనక్కి తగ్గాయి, 2004లో పోరు మళ్లీ మొదలైంది. 2025లో జైలు నుంచే అతను ఇచ్చిన పిలుపుతో సంస్థ తన రద్దును ప్రకటించింది.

మూడూ నాయకుణ్ణి తొలగించిన ఘటనలే, ఫలితాలు మాత్రం మూడు రకాలు. తేడా అధికారం ఎక్కడ ఉందన్న దానిలో ఉంది. షైనింగ్ పాత్‌లో సిద్ధాంతం, ఆజ్ఞ, నమ్మకం అన్నీ ఒకే మనిషి చుట్టూ అల్లుకున్నాయి. హమాస్‌కు మండళ్లు, సేవా సంస్థలు, మసీదుల మద్దతు ఉన్నాయి, ఒకరి స్థానంలో మరొకరు రాగలరు. పీకేకేలో నాయకుడు బతికి ఉన్నాడు, బందీగా ఉండి కూడా మాట చెల్లించుకోగలిగాడు. చంపడానికీ బతికుండగా పట్టుకోవడానికీ మధ్య దూరం ఎంతో ఈ పోలికలో తెలిసినంతగా మరెక్కడా తెలియదు. బతికి ఉన్న నాయకుడే ‘ఆపండి’ అనగలడు.

ఒకే సంస్థ లోపల చేసే పోలికలు ఇంకా సూక్ష్మమైనవి. రాజనీతి శాస్త్రవేత్త జెరెమీ వైన్‌స్టీన్ తన తిరుగుబాటు సంస్థల అధ్యయనంలో షైనింగ్ పాత్ జాతీయ సంస్థను, కొకైన్‌కు ముడిసరుకైన కోకా పండే ఎగువ వాలాగా లోయలోని దాని శాఖను రెండు వేర్వేరు కేసులుగా చూశారు. పేరు ఒకటే, పుస్తకాలు ఒకటే, దేశం ఒకటే. కానీ లోయలో డ్రగ్స్ డబ్బు ఉంది. డబ్బు ఉన్నచోటికి డబ్బు కోసం వచ్చేవాళ్లు చేరతారు, క్రమశిక్షణ సడలుతుంది, జనంతో వ్యవహారం మారిపోతుంది. సిద్ధాంతం ఒక్కటే ప్రవర్తనను నిర్ణయిస్తుందన్న వాదనకు ఇంతకన్నా బలమైన జవాబు దొరకడం కష్టం.

సరైన మనుషులను అడగకపోతే ఎంత పెద్ద నిజం మరుగున పడుతుందో పెరూ సత్య, సయోధ్య కమిషన్ చూపించింది. 2003లో నివేదిక ఇచ్చేనాటికి అది దాదాపు 17 వేల వాంగ్మూలాలు సేకరించింది. అంతకుముందు ఆ సంఘర్షణలో చనిపోయినవారు మహా అయితే 35 వేలన్నది ప్రచారంలో ఉన్న అంచనా. కమిషన్ అంచనా 69 వేలు దాటింది. మరణాల్లో సగానికి పైగా షైనింగ్ పాత్ చేసినవే. ప్రభుత్వ బలగాల వాటా కూడా పెద్దదే. బాధితుల్లో నలుగురిలో ముగ్గురి మాతృభాష కెచువా, లేదా మరో స్థానిక భాష. రాజధానిలో కూర్చుని స్పానిష్ పత్రికలు చదివి రాసిన విశ్లేషణలకు ఆ చావులు కనిపించనే లేదు. వేలాది మంది చనిపోయారన్న సంగతే ఒక దేశానికి ఇరవై ఏళ్లపాటు తెలియకపోవడం మనసును కలచివేస్తుంది. పరిశోధకులు ఎవరి భాషలో అడిగారన్నది చిన్న సాంకేతిక వివరంగా తోస్తే, ఈ నివేదిక చదవాలి.

అతివాదం వదిలి వచ్చేవారి కోసం నడిపే కార్యక్రమాలను పోల్చేటప్పుడు ‘విజయం’ అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. హింస మానేయడం ఒకటి, నమ్మకాలు మారడం మరొకటి. జాన్ హోర్గన్ లాంటి పరిశోధకులు మాజీ సభ్యులతో మాట్లాడి ఈ తేడాను గట్టిగా నిలబెట్టారు. చాలామంది అలసిపోయి, పెళ్లయి, సహచరులపై విసుగెత్తి బయటికి వస్తారు. నమ్మకం మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. శ్వేతజాతి అతివాద ముఠాలను వదిలేవారి కోసం నార్వేలో 1997లో, స్వీడన్‌లో 1998లో మొదలైన ఎగ్జిట్ కార్యక్రమాలు, 2000లో మాజీ పోలీసు అధికారి బెర్న్‌డ్ వాగ్నర్, మాజీ నియో నాజీ ఇంగో హాసెల్‌బాఖ్ కలిసి జర్మనీలో నెలకొల్పినది, అన్నీ తనంతట తాను వచ్చే మనిషి మీద ఆధారపడ్డవే. సౌదీ అరేబియా పునరావాస కార్యక్రమం నిర్బంధంలో ఉన్నవారి కోసం. అక్కడ మతపండితుల చర్చలు, కుటుంబ పూచీ, ఉద్యోగ సాయం కలగలిసి ఉంటాయి. తొలి ఏళ్లలో దాని విజయాల గురించి ఘనంగా చెప్పారు. 2009 ఫిబ్రవరిలో అదే ప్రభుత్వం విడుదల చేసిన 85 మంది వాంటెడ్ జాబితాలో 11 మంది అమెరికా గ్వాంటనామో జైలు నుంచి తిరిగివచ్చి ఈ కార్యక్రమంలో గడిపినవాళ్లే అని తేలింది. ఈ కార్యక్రమాలను శాతాలతో పక్కపక్కన నిలబెట్టడంలో అర్థం లేదు. స్వచ్ఛందంగా వచ్చినవాడు, జైలు నుంచి బయటపడాలనుకునేవాడు ఒకే కొలతకు లొంగరు.

ఈజిప్టు అనుభవం ఇక్కడ ప్రత్యేకంగా చూడదగ్గది. అక్కడ మారింది మనుషులు ఒక్కొక్కరుగా కాదు, మొత్తం సంస్థ. గమా ఇస్లామియా అనే సాయుధ ఇస్లామిస్టు సంస్థ నాయకులు 1997 జూలైలో జైలు నుంచే కాల్పుల విరమణ ప్రకటించారు. అదే నవంబరులో ఆ సంస్థ వాళ్ల చేతుల్లోనే లక్సర్ పర్యాటక కేంద్రంలో 62 మంది హత్య జరిగింది. నాయకుల మాట కింది దాకా చేరలేదని అప్పుడు తెలిసొచ్చింది. 2002 నాటికి ఆ నాయకులే జైలు జైలుకూ తిరిగి అనుచరులతో వాదించారు. హింసను మతపరంగా సమర్థించిన తమ పాత రచనలకు తామే ఖండనలు రాశారు. ప్రభుత్వం అందుకు వీలు కల్పించింది. అనుచరులు విన్నది ప్రభుత్వ పండితుల మాట కాదు, తమతోపాటు శిక్ష అనుభవించినవారి మాట. అదే దేశానికి చెందిన జిహాద్ సంస్థ సిద్ధాంతకర్త 2007లో అలాంటి ఖండనే రాసినా, అప్పటికే చెల్లాచెదురై సగం అల్ ఖైదాలో కలిసిపోయిన సంస్థపై దాని ప్రభావం పరిమితం. చెప్పిన మాట దాదాపు ఒకటే, వినడానికి సంస్థ మిగిలి ఉందా లేదా అన్నదే తేడా.

నివారణ కార్యక్రమాల సంగతి మరింత సున్నితం. బ్రిటన్ 2015లో చట్టం చేసి ఉపాధ్యాయులు, వైద్యుల మీద అతివాద సూచనలు గమనించే బాధ్యత పెట్టింది. డెన్మార్క్‌లోని ఓర్హుస్ నగరం, బడులు, సంక్షేమ శాఖ, పోలీసులు కలిసి పిల్లల నేరాలను నివారించేందుకు 1970ల నుంచి వాడుతున్న ఏర్పాటునే దీనికీ వాడుకుంది. బ్రిటన్‌లో ముస్లిం విద్యార్థులు తరగతిలో నోరు మెదపడానికి భయపడుతున్నారని ఇంటర్వ్యూ అధ్యయనాలు పదేపదే చెప్పాయి. నమోదైన కేసుల సంఖ్యలో ఈ మౌనం కనిపించదు. మాట్లాడని పిల్లవాడి వివరం ఏ రిజిస్టరులోనూ చేరదు కదా.

ఇదంతా మనుషులు నోరు విప్పితేనే సాధ్యం. అక్కడే ఈ పరిశోధన అతి బలహీనంగా ఉంది. అమెరికాలోని బోస్టన్ కాలేజీ 2001 నుంచి ఉత్తర ఐర్లండ్ మాజీ సాయుధులతో మౌఖిక చరిత్ర రికార్డు చేయించింది. బతికున్నంతకాలం టేపులు బయటపెట్టబోమని వాళ్లకు చెప్పారు. 2011లో బ్రిటిష్ అధికారుల కోరికపై అమెరికా కోర్టు సమన్లు వచ్చాయి. కొన్ని టేపులు ఉత్తర ఐర్లండ్ పోలీసుల చేతికి వెళ్లాయి. తీరా 2019లో ఒక హత్య కేసు విచారణలో ఆ టేపు నమ్మదగిన సాక్ష్యం కాదని న్యాయమూర్తి పక్కన పెట్టారు. ఇంటర్వ్యూ చేసిన తీరులోనే పక్షపాతం ఉందన్నది అభ్యంతరం. ఇచ్చిన మాట నిలవలేదు, సేకరించిన మాట కూడా కోర్టులో నిలవలేదు. ఆ తర్వాత మాజీ సభ్యులెవరైనా పరిశోధకుడి ముందు స్వేచ్ఛగా మాట్లాడతారని ఆశించడం అన్యాయం.

కొలంబియా దీన్ని చట్టంతో ఎదుర్కొంది. ఫార్క్ గెరిల్లాలతో కుదిరిన 2016 శాంతి ఒప్పందం తర్వాత ఏర్పడ్డ సత్య కమిషన్‌కు చెప్పిన మాటలను కోర్టులో ఎవరినీ శిక్షించడానికి వాడకూడదని ముందే నిర్ణయించారు. నేర విచారణకు వేరే న్యాయస్థానం పెట్టారు. 2022లో తుది నివేదిక ఇచ్చేనాటికి కమిషన్ దాదాపు 30 వేల మంది మాటలు విన్నది. వారిలో గెరిల్లాలు, పారామిలిటరీలు, సైనికులు, బాధితులు, దేశం విడిచి వెళ్లినవాళ్లు ఉన్నారు. ఇలాంటి రక్షణ లేని దేశాల్లో నోరు విప్పేది ఎవరు? శిక్ష పూర్తయినవాళ్లు, సంస్థతో తగవు పెట్టుకున్నవాళ్లు, పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాళ్లు. మిగతావాళ్లు తలుపు వేసుకుంటారు. ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టాలన్న నిర్ణయం అలాంటి చోట పరిశోధకుడి చేతికి రాదు, అతను ప్రశ్నలు రాసుకోకముందే ఆ దేశపు చట్టం తీసేసుకుంటుంది.